చర్మమునకు అంటు జబ్బులు – వానిని గుర్తుపట్టు విధము

గత సంవత్సరము శ్రీరామనవమికి కొన్ని వారములు ముందుగా, ప్రతి శనివారము భజనకు తప్పక వచ్చుచుండిన ఒక కుటుంబము ఆలయమునకు వచ్చుట మానివేసినది. మొదటి వారము వానల వలన రాలేదని తలంచితిమి. రెండవ వారమును, మూడవ వారమును రాకపోవుటచే మాలో ముగ్గురము కలిసి వారి యింటికి పోయితిమి. ఇంటి ముసలమ్మగారు మమ్ము వరండాలోనే కూర్చుండబెట్టినది. ఎప్పుడును లోపలికి పిలిచి టీ యిచ్చు మనిషి ఆనాడు గుమ్మము దాటనీయలేదు. కొంతసేపు ఆ మాట యీ మాట అయిన తరువాత తానే చెప్పినది: "ఏం చెప్పను బాబూ, పిల్లలకి గజ్జి పట్టింది. గుళ్ళో చాప మీద కూచుంటే పక్కనున్న తల్లి తన పిల్లని దూరంగా లాక్కుంది. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?"

ఆ మాట మమ్ము చాల బాధించినది. పిల్లను లాగికొన్న తల్లియు మన సంఘములోనిదే. ఆమెయు తన బిడ్డ మేలు కోరియే లాగికొన్నది. ఇరువురి తప్పును లేదు. తెలియకపోవుటయే యిచ్చట తప్పు. అందుచేత ఈ సంచికలో పురాణవిషయమునకు బదులుగా చర్మమునకు అంటు జబ్బులను గూర్చి వ్రాయ నిశ్చయించితిమి. మేము వైద్యులము కాము. వైద్యులవలన విని, చదివి, మన యిండ్లలో చూచి తెలిసికొన్నదానిని మాత్రమే వ్రాయుచున్నాము. తెలుగు చదువలేని పిల్లలు మన యిండ్లలో చాలమంది యున్నారు గనుక, పెద్దలు దీనిని చదివి వారికి తెలిసిన భాషలో చెప్పుదురని మా కోరిక.

మొట్టమొదట గజ్జిని గూర్చియే చెప్పవలెను. ఈ ఫిజీ దీవులలో గజ్జి యొక్క వ్యాప్తి మనము తలంచునంత తక్కువ కాదు. 2007వ సంవత్సరమున దేశము నలుమూలల 10,887 మందిని పరీక్షించి చూడగా, నూటికి 23.6 మందికి గజ్జియు, 19.6 మందికి చీముపొక్కులును కనబడినవి. అయిదు మొదలు తొమ్మిది సంవత్సరముల ప్రాయము గల పిల్లలలో ఇది అన్నిటికంటె హెచ్చు. అనగా ఆ లెక్కల ప్రకారము చాప మీద కూర్చున్న ప్రతి నలుగురిలో ఇంచుమించు ఒకరికి గజ్జి యుండవచ్చునన్నమాట. అట్టి జబ్బు ఒక్క యింటివారికి మాత్రమే సిగ్గుచేటు ఎట్లగును?

గజ్జి మురికివలన పుట్టునని మన పెద్దలు చెప్పుచుండిరి. అది సరికాదు. కంటికి సరిగా ఆనని ఒక పురుగు, మిల్లీమీటరులో మూడవ వంతు మాత్రము పొడవు గలది, చర్మపు పైపొరలో సొరంగము త్రవ్వికొని అందులో గ్రుడ్లు పెట్టును. దినమునకు రెండుమారులు స్నానము చేయువారికిని అది పట్టును. ఒక మనిషి ఒంటిమీద సాధారణముగా పది పదునైదు పురుగులు మాత్రమే యుండును. దురద మాత్రము ఒళ్ళంతయు పుట్టును. పురుగులును వాని మలమును ఒంటికి పడక దేహము చేయు తిరుగుబాటే ఆ దురద. కాబట్టియే మొదటిమారు పట్టినవానికి నాలుగారు వారములవరకు దురదయే తెలియదు. ఈ లోపల వాడు తనకు తెలియకయే ఇంటిల్లిపాదికిని అంటించును. ఒకమారు పట్టి పోయినవానికి మరల పట్టినచో ఒకటి రెండు దినములలోనే దురద మొదలగును.

గుర్తుపట్టుట ఎట్లు? రాత్రి పండుకొన్న తరువాత దురద హెచ్చగును. చేతివ్రేళ్ళ సందులు, మణికట్టు లోపలి ప్రక్క, చంకలు, బొడ్డు చుట్టు, నడుము, పిరుదులు, మగవారికి మర్మావయవము, ఆడవారికి స్తనముల చుట్టు చిన్న చిన్న పొక్కులు లేచును. వ్రేళ్ళ సందులలో వెలుతురుకు పట్టి చూచినయెడల వంకరటింకరగా వెండ్రుకవంటి సన్నని గీత ఒకటి కనబడవచ్చును. అదియే పురుగు త్రవ్వుకొన్న త్రోవ. చంటిబిడ్డలకు అరచేతులలోను, అరికాళ్ళలోను, తలమీదను కూడ వచ్చును. ఒక యింట ఇద్దరు ముగ్గురికి ఒకేమారు రాత్రివేళ దురద పుట్టినచో, పొక్కు కనబడినను కనబడకున్నను గజ్జియని అనుమానింపవలెను. అన్నిటికంటె నమ్మదగిన గుర్తు ఇదియే.

ఇది యొకరినుండి యొకరికి పోవుటకు ఒంటికి ఒళ్ళు కొంతసేపు తగిలియుండవలెను. ఒకే చాపమీద ప్రక్కప్రక్కన నిద్రించుట, బిడ్డను గంటలకొలది ఒడిలో పెట్టికొనుట, ఇట్టివి. నమస్కారము చేసినంతమాత్రమునను, ప్రసాదము అందుకొన్నంతమాత్రమునను అంటదు. చాపమీద ఆ పిల్లలకు ఎడముగా కూర్చున్న బిడ్డకు భయము లేదు. రాత్రి భజన సాగినప్పుడు ఒకే దుప్పటి క్రింద గుంపుగా నిద్రపోవు మన పిల్లలందరికిని కొంత భయము కలదు.

మందు విషయములో మనవారు చేయు పొరపాటు ఒక్కటే, కాని అది పెద్దది. గోకుకొను బిడ్డకు మాత్రమే మందు పూసి తక్కినవారు ఊరకుందురు. వారము తిరుగకముందే బిడ్డకు అమ్మమ్మవలననో అన్నవలననో మరల అంటును. అప్పుడు మందు పని చేయలేదందురు. ఇంటిలోని వారందరును, దురద లేనివారును, ఒకే రాత్రి మందు వాడవలెను. పెర్మెత్రిన్ అను 5 శాతపు లేపనమును మెడనుండి కాలివ్రేళ్ళవరకు, గోళ్ళ క్రిందను మరువక, పూసికొని ఎనిమిది మొదలు పదునాలుగు గంటలుంచి తెల్లవారి కడిగికొనవలెను. చిన్నబిడ్డలకు తలకును పూయవలసియుండును. వారము మొదలు రెండు వారముల లోపల మరియొకమారు పూయవలెను. ఐవర్‌మెక్టిన్ అను మాత్ర కూడ గలదు. అది ఒంటి బరువునుబట్టి ఇచ్చునది గనుక స్వయముగా కొని మ్రింగరాదు. గర్భవతులకును, పదునైదు కిలోల బరువు నిండని బిడ్డలకును దానిని సాధారణముగా నీయరు. ఆనాటి దుప్పట్లు, బట్టలు వేడినీట ఉతికి ఎండవేయవలెను. ఉతుకవీలుకానివానిని సంచిలో మూటగట్టి కొన్ని దినములుంచినచో పురుగు చచ్చును. ఒంటినుండి వేరుపడిన పురుగు రెండు మూడు దినములకంటె బ్రతుకదు. ఇంకొక సంగతి: పురుగు చచ్చినను దురద రెండు మూడు వారములు, ఒక్కొక్కప్పుడు నాలుగు వారములవరకు ఉండును. దానిని చూచి మందు మీద మందు పూసి చర్మమును మండించుకొనరాదు.

"ఇంటివారందరును" అని మేమింతగా చెప్పుటకు ఈ దీవులలోనే సాక్ష్యము గలదు. 2012లో ఫిజీలోని మూడు దీవి సముదాయములలో 2,051 మందితో ఒక పరీక్ష జరిగినది. ఒక చోట జబ్బు గలవారికిని వారితో కలిసియుండువారికిని మాత్రమే లేపనమిచ్చిరి. రెండవచోట ఊరందరికిని లేపనమిచ్చిరి. మూడవచోట ఊరందరికిని ఐవర్‌మెక్టిన్ మాత్రలిచ్చిరి. సంవత్సరము తరువాత చూడగా మొదటిచోట నూటికి 36.6 మందికున్న గజ్జి 18.8కి తగ్గినది, రెండవచోట 41.7 నుండి 15.8కి దిగినది, మూడవచోట 32.1 నుండి 1.9కి పడిపోయినది! అచ్చట చీముపొక్కులును 24.6 నుండి 8కి తగ్గినవి, దానికొరకు వేరుగా మందేమియు ఇయ్యకయే. ఈ ఫలితములు 2015లో ప్రకటింపబడి ప్రపంచమంతట వైద్యుల దృష్టిని ఆకర్షించినవి. 2019లో లంబాసా మొదలైన ఊళ్ళుగల ఉత్తర విభాగమంతటను ప్రజలకు ఈ విధముగా మందులు పంచిరి. మన చిన్న దీవులనుండి లోకమునకు తెలిసిన సంగతి యిది. దీనికి మనము గర్వింపవచ్చును.

గజ్జి పోయినచో చీముపొక్కులు ఏల తగ్గవలెనని చదువరులు అడుగవచ్చును. గోకినచోట చర్మము చిట్లును. చిట్లినచోట సూక్ష్మజీవులు చేరును. ముక్కు చుట్టును, మూతి చుట్టును, కాళ్ళమీదను మొదట చిన్న నీటిపొక్కులు లేచి, పగిలి, పైన తేనెరంగు పక్కు కట్టును. ఆ తేనెరంగు పక్కే దీని ఆనవాలు. నొప్పి అంతగా ఉండదు, జ్వరము సాధారణముగా రాదు, కనుక తల్లులు "అదే మానిపోతుందిలే" అని ఊరకుందురు. చాలమారులు మచ్చయైన లేకుండ మానిపోవుటయు నిజమే. కాని స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి వలన పుట్టిన పొక్కులు మానిన సుమారు మూడు వారములకు కొందరు బిడ్డల మూత్రపిండములు వాచును. ఉదయము లేచునప్పటికి మొగము, కనురెప్పలు ఉబ్బియుండుట, మూత్రము టీ డికాక్షను రంగుగా దిగుట దాని గుర్తులు. కాలిమీది పుండునకును మూత్రపు రంగునకును సంబంధమేమని తలంచి, అట్టి బిడ్డను ఇంట ఉంచుకొనరాదు. ఆనాడే ఆస్పత్రికి తీసికొనిపోయి, మూడు వారముల క్రిందట కాళ్ళమీద పొక్కులున్నవని వైద్యునితో చెప్పవలెను. వారు అడుగకపోయినను చెప్పవలెను.

పొక్కులను ఉప్పు లేని కాచి చల్లార్చిన నీటితోను సబ్బుతోను కడిగి, పక్కును మెత్తబరచి తీసి, పైన శుభ్రమైన గుడ్డ కట్టి, ఆరోగ్యకేంద్రములో చూపవలెను. పసుపు, వేపాకు నూరి పూయుట మన అలవాటు. దానిని మేము నిందింపము. కాని పసుపు పూసిన పుండు ఎరుపో, చీమో, వాపో కనబడకుండ కప్పబడిపోవును. నర్సమ్మకు చూపబోవునాడు పూయకుండుట మేలు. పేడ, బూడిద, వక్కాకు ఉమ్ము మాత్రము పుండుమీద ఎన్నడును వేయరాదు.

ఇంక మాకు వ్రాయుటకు కష్టమైన సంగతి. మన భజనలో ముప్పది సంవత్సరములుగా తాళములు వేయు పెద్దాయన యొకరు గలరు. చదువరులలో చాలమంది ఆయనను ఎరుగుదురు. ఆయన అనుమతి తీసికొనియే, పేరు చెప్పకుండ వ్రాయుచున్నాము. చక్కెరవ్యాధి గల మనిషి. చెరకు తోటలో తడిసిన బూట్లతో తిరిగి తిరిగి ఆయన కాలివ్రేళ్ళ సందులు తెల్లగా నాని చీలియుండినవి. అది బూజుజాతి జబ్బు, మన రైతులలో సగముమందికైనను ఎప్పుడో ఒకప్పుడు వచ్చియుండునని మా యూహ. ఎవ్వరును దానిని జబ్బుగా లెక్కింపరు. ఒక సోమవారము నాడు కాలి మడమ పైభాగము వేడిగా, బిరుసుగా తోచినది. వ్రతము పూర్తి కావలసియున్నది గనుక ఎవ్వరికిని చెప్పలేదు. కొబ్బరినూనె రాచికొని, పంచె క్రిందికి దించి కట్టుకొని, అయిదు దినములు ఆలయములో పని చేసినాడు. శనివారము రాత్రి చలిజ్వరముతో వణకుచు కూలబడినాడు. ఆస్పత్రికి చేర్చునప్పటికి వాపు మోకాలు దాటినది, చర్మము నల్లబడి బొబ్బలు లేచినవి. ప్రాణము దక్కినది. కాలు మోకాలి క్రిందుగా తీసివేయవలసి వచ్చినది.

దీనిని వైద్యులు సెల్యులైటిస్ అందురు. చర్మము క్రింది మెత్తని భాగములలో సూక్ష్మజీవులు ప్రాకుట యిది. చిన్న చీలిక, ముల్లు గ్రుచ్చుకొన్నచోటు, చెరకు ఆకు కోసిన గీత, దోమకాటు గోకిన చోటు, ఏదైనను ద్వారము కావచ్చును. సాధారణముగా ఒక కాలికే వచ్చును. ఆ చోటు వాచి, వేడియై, ముట్టుకొన్నచో నొప్పియై, దినదినము ప్రాకును. తరచు జ్వరము తోడగును. పుస్తకములలో "ఎర్రబడును" అని వ్రాసియుందురు. తెల్లవారి చర్మమును చూచి వ్రాసిన పుస్తకములవి. మన చామనచాయ, నలుపు చర్మములమీద ఎరుపు అంత స్పష్టముగా కనబడదు. ముదురు ఊదారంగుగానో, గోధుమరంగుగానో, లేక రంగు మార్పే లేనట్లుగానో ఉండును. కనుక కంటిని నమ్మక చేతిని నమ్మవలెను. రెండు కాళ్ళమీదను అరచేయి వెనుకభాగము ఆనించి చూడుడు: ఒకటి రెండవదానికంటె వెచ్చగా నున్నదా? చర్మము నిగనిగలాడుచు బిగిసియున్నదా? వేలితో నొక్కిన గుంట నిలుచుచున్నదా? వాపు అంచువెంట కలముతో ఒక గీత గీసి, గంట వేళ వ్రాసి ఉంచుడు. గీత దాటి వాపు పోయినచో ఆలస్యము చేయకుడు.

పైకి కనబడు దానికి మించిన భరింపరాని నొప్పి, ఊదానలుపు మచ్చలు, బొబ్బలు, చలిజ్వరము, మాట తడబడుట, వీనిలో ఏది యున్నను రాత్రియని గాని, వ్రతమని గాని ఆగరాదు. చక్కెరవ్యాధి గలవారు కాలిలో స్పర్శ తగ్గియుండుటచే నొప్పియే తెలియక మోసపోవుదురు. వారు ప్రతి రాత్రియు అరికాళ్ళను అద్దములో చూచికొనవలెను, లేదా ఇంటివారిచేత చూపించుకొనవలెను. నిప్పులు త్రొక్కు మ్రొక్కు గలవారు ముందుగా వైద్యునిచేత పాదముల స్పర్శ పరీక్ష చేయించుకొనవలెనని మా ప్రార్థన. అమ్మవారికి వేరే మ్రొక్కులు లేకపోలేదు. బోదకాలు గలవారికిని ఈ జబ్బు మాటిమాటికి వచ్చును. వారు దినమును కాలు కడిగి, మడతలు పొడిగా తుడిచికొనుటయే సగము వైద్యము.

సెగగడ్డలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఎరుగనివారు లేరు. వెండ్రుక కుదుటిలో పుట్టి, గట్టిపడి, చీము పట్టి, కొన వచ్చి పగులును. వేడి కాపడము పెట్టవలెను, పిండరాదు. ముఖ్యముగా ముక్కు, పైపెదవిమీది గడ్డను ఎన్నడును పిండరాదు. మెడ వెనుక అనేక ముఖములతో పెద్దదిగా లేచు రాచకురుపును వైద్యుడే చూడవలెను. గడ్డలు మరల మరల లేచువారు రక్తములో చక్కెర పరీక్ష చేయించుకొనుట మంచిది. "ఒంట్లో వేడి" అని మజ్జిగ త్రాగుచు కూర్చుండినవారికి చక్కెర బయటపడిన సంగతులు మాకు తెలియును.

తామర కథ వేరు. బూజువంటి సూక్ష్మజీవి వలన గుండ్రముగా వచ్చు పట్ట ఇది. అంచు కొంచెము లేచి పొట్టు రాలుచు, నడుమ మానినట్లుండును. దినదినము ఉంగరము పెద్దదగును. గజ్జలలో, చంకలలో, నడుమున లుంగీ చీరె బిగించుచోట, వచ్చును. ఒళ్ళంతయు ముగ్గువలె ఒకదానిలో ఒకటిగా వలయములు వేయు తామర జాతి యొకటి ఈ పసిఫిక్ దీవులలో గలదు. దానిని టోకెలావు తామర యందురు. పిల్లల తలమీద వచ్చినచో వెండ్రుకలు మొదలంట విరిగి, పొట్టు రాలును. తల నున్నగా, పొట్టు లేకుండ, నాణెమంత మేర ఊడినచో అది పేనుకొరుకుడు. అది అంటుజబ్బు కాదు. తలమీది తామరకు పైపూత చాలదు, కడుపులోనికి మందు కావలెను. పుట్టువెండ్రుకలు తీయునప్పుడు ప్రతి బిడ్డకును క్రొత్త బ్లేడు వాడవలెనని మన మంగలివృత్తి చేయు సోదరులకు వేరుగా చెప్పనక్కరలేదు.

తామర విషయములో ఈ నడుమ ఒక క్రొత్త చిక్కు వచ్చినది. ఇండియాకు యాత్రకు పోయి వచ్చినవారు అచ్చటి మందుల దుకాణములలో చౌకగా దొరకు గొట్టపు లేపనములను డజన్లకొలది తెచ్చి బంధువులకు పంచుచున్నారు. వానిలో పెక్కింట బూజును చంపు మందుతోపాటు ఘాటైన స్టెరాయిడు కలిసియుండును. పూసిన రెండు దినములలో దురద హాయిగా తగ్గును. మాననీయగనే తామర మునుపటికంటె విస్తరించి వచ్చును. అంచు చెదరి, వలయము చెరిగి, చూచినవాడు తామరయని పోల్చుకొనలేని రూపము పొందును. నెలలకొలది పూసినచో చర్మము పలుచబడి చారలు పడును, అవి పోవు. పైగా, సాధారణముగా వాడు మందునకు లొంగని తామరజాతి యొకటి ఇండియాలో విస్తరించి, ఇతర దేశములకును ప్రాకినది; 2020లో దానికి ఇండియా పేరు కలిసివచ్చునట్లు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని నామకరణము చేసిరి. కాశీ గంగ, తిరుపతి లడ్డు తెండు, సంతోషము. లేపనములు మాత్రము తేకుడు.

వీపుమీద, మెడమీద తెల్లగానో గోధుమరంగుగానో పొట్టుతో వచ్చు శోభి మరియొకటి. ఎండకాలములో హెచ్చగును. ఇది ప్రతివారి చర్మముమీదను ఉండు జీవియే గనుక ఒకరినుండి ఒకరికి అంటదు. మందు పూసి తగ్గినను రంగు సమమగుటకు నెలలు పట్టును. దీనిని చూచి పెండ్లి సంబంధములు తప్పించినవారిని మేమెరుగుదుము. అది శోభిని చూచి కాదు, కుష్ఠు అను మాటను తలంచి.

ఆ భయమునకు ఈ దీవులలో ఒక చరిత్ర గలదు. 1911 మొదలు 1969 వరకు కుష్ఠురోగులను మకోగాయి దీవికి పంపివేయుచుండిరి. మందులు సరిగా లేని ఆ తొలిదినములలో పోయినవారిలో పెక్కురు తిరిగి రాలేదు. ఆ పేరు వినబడినచో మన తాతలు గొంతు తగ్గించుచుండిరి. మచ్చలను నిండుచేతుల చొక్కాల క్రింద దాచుచుండిరి. ఇప్పుడు దాచవలసిన పని లేదు. జబ్బు తీవ్రతనుబట్టి ఆరు నెలలో, పండ్రెండు నెలలో మాత్రలు మ్రింగినచో కుష్ఠు నయమగును; మందు మొదలుపెట్టిన కొలదికాలములోనే ఇతరులకు అంటుటయు పోవును. దాని గుర్తు ఒక్కటి జ్ఞాపకముంచుకొనుడు: చుట్టునున్న చర్మముకంటె పాలిపోయినదో, రాగిరంగుదో అగు మచ్చ, దురద లేనిది, అచ్చట దూదికొన తాకించినను తెలియనిది. శోభికి స్పర్శ యుండును, తామరకు దురద యుండును, బొల్లికి పాలవంటి తెలుపు యుండును, కాని స్పర్శ పోదు. స్పర్శ పోయిన మచ్చయే చూపవలసిన మచ్చ.

గ్రాగని మనవారనెడి యంగోనాను హెచ్చుగా త్రాగువారికి ఒళ్ళంతయు చేపపొలుసువలె ఎండి పొట్టు లేచును; ఫిజీవారు దానిని కనికని యందురు. అది అంటుజబ్బే కాదు, త్రాగుట మానినచో పోవును. తామరయని లేపనము కొనుక్కొన్న పెద్దమనుష్యుల పేర్లు ఇచ్చట వ్రాయము!

ఆటలమ్మ వచ్చినప్పుడు వేపమండలు కట్టుట, ఇంటికి ఎవ్వరిని రానీయకుండుట మన ఆచారము. ఇందులో రెండవది వైద్యులు చెప్పునదియే. కాని అమ్మవారు పోసినదని ఏ పొక్కునైనను వైద్యునికి చూపకుండుట సరికాదు. మన పెద్దలు అమ్మవారని భయపడిన మశూచి లోకములోనుండి నిర్మూలమైనట్లు 1980లో ప్రకటింపబడినది; ఇప్పుడు మనము చూచునది ఆటలమ్మయే. అది జ్వరముతో మొదలై, వక్షమునను వీపునను ముందుగా, నీటిబొట్టులవంటి పొక్కులు విడతలు విడతలుగా లేచును. క్రొత్తవి, చీకిపోయినవి, పక్కు కట్టినవి ఒకేచోట కనబడును. పొక్కులన్నియు పక్కు కట్టువరకు బిడ్డను బడికిని, గుడికిని పంపరాదు. ఇంట గర్భవతి యున్నచో ఆమెను దూరముగా ఉంచి వెంటనే వైద్యునికి తెలుపవలెను. బిడ్డ జ్వరమునకు ఆస్పిరిన్ ఈయరాదు. ఆటలమ్మ పోయిన తరువాత ఏండ్లకు ఆ జీవియే నరములలో దాగియుండి, పెద్దవయసున ఒక్క ప్రక్కనే, పట్టెడవలె, మంటతో సర్పిగా లేచును. రెండు ప్రక్కల కలిసికొన్నచో ప్రాణము పోవునని ముసలివారు చెప్పుదురు. అది నిజము కాదు. ఎర్రమన్ను పూసికొనుచు కాలము గడుపక, మూడు దినముల లోపల మందు మొదలుపెట్టినచో బాధ తగ్గును. కంటి దగ్గర లేచినచో ఆ దినమే పోవలెను.

మేము చూడబోయిన ఆ కుటుంబము సంగతి చెప్పుట మరచితిమి. తొమ్మిదిమందియు, దురద లేని తాతగారును, ఒకే రాత్రి లేపనము పూసికొనిరి. ఆయనను ఒప్పించుటకు మాకు రెండు గంటలు పట్టినది, "నాకేమిటి, నేను గోకుతున్నానా?" అని వాదించినాడు. వారము తరువాత మరల పూసికొనిరి. శ్రీరామనవమి నాటికి దురద ఇంకను కొంచెమున్నను, అంటు లేదని నర్సమ్మ చెప్పినది. వారు వచ్చినప్పుడు ఆనాడు బిడ్డను లాగికొన్న తల్లి తానే లేచి చాపమీద చోటిచ్చినది. ఆలయపు చాపలను నెలకొకమారు ఎండవేయుటకును, రాత్రి భజనలకు పిల్లలు ఎవరి దుప్పటి వారు తెచ్చుకొనుటకును సంఘము నిర్ణయించినది. తాళముల పెద్దాయన ఇప్పుడు కుర్చీలో కూర్చుండి తాళము వేయుచున్నాడు. క్రొత్త కాలు అమర్చుకొన్న తరువాత చాపమీదికి వచ్చెదనని చెప్పుచున్నాడు.